మాస్టారు దిద్దిన ఖాళీ పలక

పది రోజుల కిందట మా తమ్ముడు అద్దంకిలో మా ఇంటికి వచ్చాడు. వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు, "అక్కా, రెండో తరగతి మాస్టారు పోయారు, తెలిసిందా?" అన్నాడు.

"ఎప్పుడురా?"

"మొన్న శుక్రవారం కాదు, అంతకు ముందు శుక్రవారం. నీకు ఎవరన్నా చెప్పుంటారులే అనుకున్నా."

నాకెవరు చెబుతారు? నేను ఆయనకేమవుతానని? తమ్ముడికి మంచినీళ్లిచ్చి, దేవుడి గదిలోకి వెళ్లి కూర్చున్నాను. ఆయనది ముసల్మానుల ఇల్లు. పోయినవాళ్ల కోసం వాళ్లలో ఏం చేస్తారో నాకు తెలియదు. నాకు తెలిసింది దీపం పెట్టడమే. వేళ కాని వేళ దీపం పెట్టాను.

ఎస్సెల్సీ దాకా చదివాను గాని, ఉత్తరాలు తప్ప ఏనాడూ ఏమీ రాయలేదు. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర నలభై ఏళ్లకు పైగా ఉండిపోయింది. వినాల్సిన మనిషి లేరని తెలిసిన తర్వాత, యాభయ్యో ఏట కలం పట్టుకున్నాను.

మా పుట్టిల్లు ప్రత్తిపాడుకు అవతల, నల్లరేగడి పొలాల మధ్య ఊరు. బడికి రెండే గదులు. ఒక గదిలో పెద్ద మాస్టారు, రెండో గదిలో మా మాస్టారు. ఒకటో తరగతి వాళ్లం, రెండో తరగతి వాళ్లం ఎదురెదురుగా నేల మీద కూర్చునేవాళ్లం. మాస్టారి అన్నదమ్ములందరూ దూదేకి పరుపులు కుట్టేవారు. ఆ ఇంట్లో చదువుకుని బడిలోకి వచ్చిన మొదటి మనిషి ఆయనే. ఎంత జాగ్రత్తగా దులుపుకొని వచ్చినా ఆయన చెవి వెనకో, చొక్కా మడతలోనో ఒక దూదిపింజ ఉండేది.

లెక్కలకు పత్తి గింజలు తెచ్చేవారు. పదేసి గింజలు గుడ్డపేలికలో మూట కట్టించేవారు. పది మూటలు కలిపితే వంద. తీసివేతలో అప్పు తేవాలంటే నిజంగానే ఒక మూట విప్పాలి. ఈనాటికీ పద్దు కూడుతుంటే నా వేళ్లకు ఆ మూటలు తగులుతాయి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళుతూ మమ్మల్ని ఎక్కాలు చెప్పుకొమ్మనేవారు. తిరిగొస్తూ వీధి చివర నుంచే వినేవారు. గుమ్మంలో అడుగు పెడుతూనే, "ఏడో ఎక్కంలో జారిందెవర్రా? కిటికీ దగ్గర కూర్చున్నోడేనా?" అనేవారు. వాడే అయ్యుండేవాడు.

వత్తులు రాయాలంటే మాకు భయం. 'స్త్రీ' రాయమంటే బలపాలు ఆగిపోయేవి. "రాయండమ్మా, చెరిపితే పోయేదేగా" అనేవారు. రాసిన పలక ఆయన దగ్గరకు తీసుకెళితే దిద్దేవారు కాదు. "నువ్వే చదివి వినిపించు. తప్పుంటే నీకే దొరుకుతుంది" అనేవారు. నిజంగానే దొరికేది. చదువుతూ చదువుతూ గొంతు ఒకచోట ఆగేది. అక్కడ చూసుకుంటే దీర్ఘమో వత్తో తప్పి ఉండేది. అది ఆయన పాఠం చెప్పే పద్ధతి అనుకున్నాం. పద్ధతే. కాని దాని వెనక ఇంకొకటి ఉంది.

ఒకటో తరగతిలో ఉండగా మిరప కోతలొచ్చాయి. బడి చుట్టూ కల్లాలే. ఎర్రగా ఆరబోసిన కాయ మీదుగా గాలి వీస్తే ఊరంతా దగ్గేది, అందరి కళ్లూ కారేవి. మాస్టారు తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటూ, "ఘాటమ్మా, ఘాటు" అనేవారు. మేమూ పావడా అంచులతో ఒత్తుకునేవాళ్లం. వేసవి సెలవులు అయిపోయి రెండో తరగతికి వచ్చేసరికి కల్లాలు ఎత్తేశారు, వానలు పడ్డాయి. మాస్టారి కళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి.

"అమ్మా, కల్లాలు లేవుగా, మాస్టారి కళ్లెందుకు కారుతున్నాయి?" అని అడిగాను.

"పెద్దోళ్ల కళ్ల సంగతి నీకెందుకే? బువ్వ తిను" అంది అమ్మ.

ఒకరోజు మా పక్కింటి పిల్లాడు ఏమీ రాయని పలక తీసుకెళ్లి మాస్టారి ముందు పట్టుకున్నాడు. పుస్తకంలో పాఠం వాడికి నోటికొచ్చు. గడగడా అప్పజెప్పాడు. మాస్టారు పలక వైపు తల వంచి విన్నారు. "బాగుందిరా. కూర్చో" అన్నారు. తరగతంతా గొల్లుమంది. ఆయన చెయ్యి తువ్వాలు మీద అట్టాగే ఆగిపోయింది.

బడి వదిలాక నన్ను ఆగమన్నారు.

"ఏమ్మా, వాడి పలక మీద ఏం రాశాడు?"

"ఏం లేదండీ."

తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నారు. తర్వాత, "నీ రాత గుండ్రంగా ఉంటుందని విన్నాను. రేపట్నుంచి హాజరు పట్టీ నువ్వు పెట్టు" అన్నారు. ఎవరికీ చెప్పవద్దని మాత్రం అనలేదు. అది ఆయన అనే మాట కాదు. అడిగినవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాలని రోజూ మాకు చెప్పే మనిషి.

నేను పొంగిపోయాను. ఆయన పేర్లు పిలిచేవారు, హాజరండీ అన్నవాళ్లకు గీత, లేనివాళ్లకు సున్నా పెట్టేదాన్ని. నెల మొదట్లో అందరి పేర్లూ వరసగా రాసేదాన్ని. అమ్మవారికి ముగ్గు వేసినంత శ్రద్ధగా రాసేదాన్ని.

మిరప ఇంకా పండుబారకముందే ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. ఎక్కాలు అడిగారు, పాఠం చదివించారు. ఒక్కరమూ తడబడలేదు. ఆయన ముఖం విప్పారింది. పట్టీ తెరిచి చూశారు.

"ఈ రాత ఎవరిది?"

మెచ్చుకుంటారనుకుని నేను లేచాను. "నాదేనండీ."

"నువ్వెందుకు పెడుతున్నావమ్మా?"

"మాస్టారికి కనపడదండీ."

నాదే అన్నచోట ఆగి ఉండవచ్చు. ఆగలేదు. గొంతెత్తి, గది చివరిదాకా వినబడేట్టు చెప్పాను.

ఇన్‌స్పెక్టరు గారు పట్టీ మాస్టారి చేతికిచ్చి, "ఈ పేర్లు ఒకసారి చదవండి" అన్నారు. మాస్టారు దాన్ని నిటారుగా పట్టుకుని మా పేర్లన్నీ వరసగా, ఒక్కటీ తప్పకుండా చదివారు. కాని ఆ తెరిచి ఉన్న పేజీ మా తరగతిది కాదు. ఒకటో తరగతిది.

ఇన్‌స్పెక్టరు గారు కోప్పడలేదు. "కూర్చోండి మాస్టారూ" అన్నారు. ఆ గొంతు ఎంత మెత్తగా ఉందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇంకో రెండు నెలలు ఆగి వచ్చి ఉంటే, కల్లాల మధ్య ఇన్‌స్పెక్టరు గారి కళ్లూ కారేవి, మాస్టారిదీ ఆ ఘాటేననుకునేవారు. ఎవరికీ ఏ అనుమానమూ వచ్చేది కాదేమో అని ఎన్నిసార్లు అనుకున్నానో.

సంక్రాంతి సెలవుల తర్వాత మాస్టారు బడికి రాలేదు. చూపు నరం ఎండిపోయిందని గుంటూరులో డాక్టరు చెప్పాడట. అన్నం దగ్గర మా నాన్న, "చెప్పింది మన పిల్లేనంట" అన్నాడు. "ఏడేళ్ల పిల్ల, దానికేం తెలుసు?" అంది అమ్మ. ఆ మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు. నెమ్మదిగా మాట్లాడతానని, దైవభక్తి ఉన్న పిల్లనని అత్తవారింట్లో నన్ను మెచ్చుకునేవారు. నా గొంతు తగ్గింది ఎప్పుడో నాకు తెలుసు.

మాస్టారు అన్నల పనిలోకే వెళ్లారు. దూదేకడానికి చూపు అంతగా అక్కర్లేదట. వాళ్ల అరుగు మీద ఏకే విల్లు పొద్దున్నుంచీ టంయ్ టంయ్‌మని మోగుతూ ఉండేది. పిల్లలు ఆ అరుగు మీద కూర్చుని పాఠాలు చదివి వినిపించేవాళ్లు. విల్లు ఆపి, "మళ్లీ చదువు" అనేవారట. నేను మాత్రం చుట్టూ తిరిగి ఇంకో వీధిలో బడికి పోయేదాన్ని.

నా పెళ్లికి నాన్న పరుపు ఆయనకే చెప్పాడు. ఆయనే కుట్టి, బండి మీద వేసుకొచ్చారు. వసారాలో దింపించి, కుట్టు మీద చెయ్యి రాస్తూ, "ఏమ్మా, రాత అట్టాగే గుండ్రంగా ఉందా?" అన్నారు.

"ఉందండీ." ధైర్యం తెచ్చుకున్నాను. "మాస్టారూ..."

"చెప్పమ్మా."

ఆయన ముఖం నా వైపే ఉంది. కనుబొమల మీద దూది. ఎన్నేళ్లుగానో కూర్చుకున్న మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"ఏం లేదండీ."

ఆయన నవ్వారు. "నువ్వు కూడానా? నాకే ఖాళీ పలక చూపిస్తున్నావా?" ఆ నవ్వులో కోపం లేదు. అందుకే నాకు మరీ నోరు రాలేదు. "సరేలే. రాసిన రోజున తెచ్చి చదివి వినిపిద్దువుగాని" అన్నారు. పరుపు మీద మూల నుంచి మూలకు ఇంకోసారి చెయ్యి రాసి, బండి దగ్గరకు తడుముకుంటూ వెళ్లిపోయారు.

తర్వాత పుట్టింటికి ఎన్నోసార్లు వెళ్లాను. ఆ అరుగు దాకా ఒక్కసారీ వెళ్లలేదు.

మాస్టారూ, రాశాను. నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు వేసుకుని, మీరు చెప్పినట్టే పైకి చదివాను. అన్నీ బాగానే చదివాను. 'కనపడదండీ' అన్నచోట గొంతు ఆగిపోయింది.

పరుపులన్నీ రెండు మూడేళ్లకోసారి విప్పి దూది మళ్లీ ఏకిస్తారు. నా పెళ్లి పరుపు మాత్రం ఇన్నేళ్లలో ఎవరినీ విప్పనివ్వలేదు. గట్టిపడి పలకలా అయిపోయింది. ఈ కాగితాలు దాని కిందే ఉంటాయి. నా తర్వాత ఎవరికి దొరికినా దాచండి, ఎవరికీ చూపించకండి. ఆ కుట్టు విప్పకండి. అంచు పొడుగునా చెయ్యి రాసి చూడండి. చూపు లేకుండా కుట్టినా, ఒక్క టాకా వరస తప్పలేదు.