వెనకగోడ మీద పెన్సిల్ గీతలు

పోయిన వారం మా అక్క కూతురికి మహబూబ్‌నగర్‌లో కొత్తగా ఉద్యోగం వస్తే, దానికో గది వెతికిపెట్టడానికి తోడు వెళ్లాను. అది మేం చూసిన మూడో ఇల్లు. ఇంటాయన ఫ్యాను వేసి చూపించాడు, నల్లా తిప్పి చూపించాడు, కిటికీ తీసి గాలి ఎట్లా వస్తుందో చూడమన్నాడు. నేను అవేవీ పట్టించుకోకుండా నేరుగా వెనక గదిలోకి పోయి, గోడకు అరచేయి ఆనించి నిలబడ్డాను. మోకాలి ఎత్తున ఒకసారి, నడుము ఎత్తున ఇంకోసారి. "ఏందమ్మా, గోడకు జరమొచ్చిందా?" అన్నాడాయన. మా పిల్ల సిగ్గుతో తల దించుకుంది. బయటికొచ్చాక, ఎందుకట్లా చేశావని నిలదీసింది. బస్టాండు దాకా నడుస్తూ చెప్పడం మొదలుపెట్టాను. చెబుతుంటే నాకే మళ్లీ అప్పటి హుషారు పుట్టుకొచ్చి, ఎక్కాల్సిన రెండు బస్సులు పోనిచ్చాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో, మా పెళ్లయి ఆరు నెలలైనా కాకముందు, జడ్చర్లలో కాపురం పెట్టాం. మా ఆయనకు అక్కడి మందుల కంపెనీలో పని. రైలుకట్టకు అవతల ఒక పొడుగాటి ఇల్లు దొరికింది. ముందు భాగంలో ఇంటి యజమానురాలు ఒక్కతే ఉండేది, వెనక రెండు గదులు కిరాయికి ఇచ్చేది. భర్త పోయి చాలా ఏళ్లయింది. వాడకట్టంతా ఆమెను పెద్దమ్మ అనేవారు, మేమూ అదే పిలుపు పట్టుకున్నాం. మొదటి రోజు మమ్మల్ని వాకిట్లో నిలబెట్టి, చుట్టాలు ఎక్కువొస్తారా, టీవీ సౌండు పెద్దగా పెడతారా అని అన్నీ అడిగి, చివరికి "మీరేమిటోళ్లు?" అంది. మా ఆయన కులం దాచలేదు. ఆదివారం చర్చికి పోతామని కూడా కలిపి చెప్పాడు. పెద్దమ్మ కాసేపు గేటు వంక చూసింది. "నాకేం ఫికర్ లేదు. గోడలకు మొలలు కొట్టొద్దు. హౌజుల మాత్రం చెయ్యి పెట్టొద్దు, నీళ్లు నేనే తోడి పోస్త" అంది. హౌజు అంటే వెనక పెరట్లో మా గది గోడను ఆనుకుని ఉన్న సిమెంటు తొట్టి. సగం నేలలోకి, సగం పైకి, మనిషి దిగితే భుజాల దాకా వచ్చేంత లోతు. రోజు విడిచి రోజు నల్లా వచ్చినప్పుడు అది నిండేది. ఆ మాట కిరాయికొచ్చిన వాళ్లందరికీ చెబుతుందో, మాకే చెప్పిందో నేను అడగలేదు. అడిగితే ఇల్లు పోతుందని భయం.

ఆ రెండు గదుల్లో మేం చేసిన పొదుపు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రెండు గదులకూ ఒకటే ట్యూబులైటు. నడిమి గుమ్మం మీద తగిలిస్తే అటూ ఇటూ సగం సగం వెలుగు పడేది. అన్నం వార్చిన గంజి మా ఆయన చొక్కాలకు, బియ్యం కడిగిన నీళ్లు రంగుడబ్బాలో వేసిన కరివేపాకు మొక్కకు. పప్పు పొద్దున్నే నానబెట్టి, గ్యాసు మీద ఎక్కువసేపు ఉడకనిచ్చేదాన్ని కాదు. అయితే ఏడాది సరుకు దగ్గర మాత్రం నాది రాణి బతుకు. ఎండాకాలంలోనే చింతపండు గింజలు తీసి, ఉప్పు వేసి, జాడీలో అదిమి పెట్టాను. మిరపకాయలు మిద్దె మీద గలగలలాడేదాకా ఎండబెట్టాను. కందిపప్పుకు ఆముదం పట్టించి డబ్బాలకు ఎత్తాను. మా ఈడు వాళ్లు ఆదివారం సాయంత్రం సినిమాకు పోయేవాళ్లు. మేమిద్దరం డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి, వాసన చూసి, మళ్లీ మూసేవాళ్లం. ఆ సంతోషం ముందు సినిమా ఎంత!

అప్పుడు వచ్చింది అమ్మ ఫోను. మా అమ్మా బాపూ పెళ్లయిన దగ్గర్నుంచీ మేస్త్రీల వెంట ఊళ్లు పట్టుకుని తిరిగినవాళ్లు. కాలువలు తవ్వారు, కట్టలు పోశారు, పట్నంలో నీళ్ల ట్యాంకులకు సిమెంటు పూశారు. వరినాట్లు వేస్తే ఇంకొకరి మళ్లలోనే. ఎప్పుడో సర్కారు ఇచ్చిన ఎకరం ఒకటి ఊళ్లో రాళ్లతో పడి ఉండేది. ఆ ఏడాది మా చెరువుకు కాలువ నీళ్లొచ్చాయి. ఇద్దరూ రాళ్లేరి, మడి కట్టి, మొదటిసారి సొంతంగా వరి వేశారు. "బిడ్డా, మన వడ్లు! మన మడిల వడ్లు! మిల్లుల పట్టిచ్చినం, మూడు సంచుల బియ్యం డీసీఎం బండిల ఏసిన, పోయి దించుకో" అని అమ్మ ఫోనులో అరుస్తుంటే, పక్కన బాపు "జర మెల్లగ మాట్లాడవే, పిల్ల చెవులు పోతయి" అంటున్నాడు. నేను చెప్పులు లేకుండానే చౌరస్తాకు పరుగెత్తాను. సంచి మూతి విప్పి ముఖం లోపల పెట్టి ఆ వాసన పీల్చినప్పుడు, నా ముక్కుకు, కనుబొమలకు తెల్లటి తవుడు అంటుకుంది. మా ఆయన అది తుడవనివ్వకుండా ఫోటో తీశాడు. మూడు సంచులూ వెనక గదిలో గోడవారగా పేర్చి, పైన దుప్పటి పరిచాం. ఇంటికొచ్చిన వాళ్లకు అదే మా సోఫా.

శ్రావణంలో ఒక పొద్దున బియ్యం కోసం చేయి పెడితే, అడుగు సంచిలో చల్లగా ఏదో తగిలింది. తీసి చూస్తే గడ్డలు. నల్లగా, పచ్చగా బూజు. సంచి జరిపితే గోడ మోకాలి ఎత్తు దాకా చెమ్మెక్కి, సున్నం తెల్లటి పొడిగా రాలుతోంది. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ ఏరిన రాళ్లు, ఆమె అరచేతుల బొబ్బలు కళ్లముందు తిరిగాయి. మంచివి మిద్దె మీద ఆరబోసి, వేపాకు కలిపి, సంచుల్ని గది నడుమ ఇటుకల మీదికి ఎక్కించాం. పడుకోవడానికి జాగా తగ్గి, సంచుల చుట్టూ ఒద్దికగా ముడుచుకున్నాం. పెద్దమ్మకు చెబితే "వానలకు గట్లనే అయితది. ఎండలొస్తె ఆరుతది" అంది.

కానీ వానలు ఆగి పది రోజులైనా గోడ ఆరలేదు. మా ఆయనకు కంపెనీలో రోజూ ఏవో కొలతలు రాసుకోవడం అలవాటు. ఆయన చెమ్మ ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ పెన్సిలుతో సన్నగా ఒక గీత గీసి, పక్కన వారం పేరు రాశాడు. మర్నాడు నేను ఇంకోటి గీశాను. ఇక అది మా ఇద్దరికీ ఆటయింది. నిద్ర లేస్తూనే ముఖమైనా కడగకుండా గోడ దగ్గరికి పరుగు. ఒక రోజు గీత నిలకడగా ఉండేది, మర్నాడు వేలు మందం ఎక్కేది. వారం తిరిగేసరికి నాకు తట్టింది. నల్లా వచ్చిన రోజే ఎక్కుతోంది! "వాన కాదు, హౌజు!" అని నేను అరిచిన అరుపుకు మా ఆయన చేతిలో టీ గ్లాసు ఒలికిపోయింది.

ఆ ఉత్సాహంలోనే పోయి పెద్దమ్మకు చెప్పేశాను. అదే పొరపాటు. ఆమె ముఖం గట్టిపడింది. "మా ఆయిన సొంతంగ కట్టిన హౌజది. ఇటుకిటుకె మోసి కట్టిండు. ముప్పయ్యేండ్ల సంది ఒక్క చుక్క కారలే. నచ్చకుంటె ఖాళీ చెయ్యిన్రి" అంది. రెండు రోజులు మాతో మాటల్లేవు. నీళ్లు మాత్రం తోడి పోసేది. మాకు ఇల్లు ఖాళీ చేయడమంటే మాటలు కాదు. ఆ కిరాయికి ఇంకో ఇల్లు దొరకడం ఒక ఎత్తు, వాకిట్లో నిలబడి మళ్లీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఇంకో ఎత్తు.

మూడో రోజు పొద్దున్నే తలుపు చప్పుడైంది. పెద్దమ్మ లోపలికి వచ్చి, కళ్లజోడు సరిచేసుకుని, వంగి గీతలన్నీ చదివింది. గోడ మీద రాశారని కోప్పడుతుందనుకున్నాను. "నాలుగు దినాలు హౌజు ఒట్టిగ పెడ్త. గీత దిగకుంటె మీరు పోవాలె. ఒప్పుకుంటవా?" అంది. ఒప్పుకున్నాను. ఇక చూడండి మా ఇంట్లో సందడి! నీళ్లన్నీ బిందెల్లో, బకెట్లలో, చివరికి జాడీ మూతల్లో కూడా పట్టి పెట్టుకున్నాం. తెల్లవారగానే మేం ఇద్దరం, పెద్దమ్మ, ముగ్గురం గోడ ముందు. మొదటి రెండు రోజులు గీత కదల్లేదు. నేను లోలోపల సామాను సర్దుకోవడం మొదలుపెట్టాను. మూడో రోజు చిటికెనవేలంత దిగింది. నాలుగో రోజు రెండు వేళ్లు. మా ఆయన చప్పట్లు కొట్టబోయి, పెద్దమ్మను చూసి చేతులు దించుకున్నాడు. ఆమె గోడకు అరచేయి ఆనించి అలాగే ఉండిపోయింది. "ఆయిన పని గిట్ల పోతదనుకోలే" అంది చిన్న గొంతుతో.

మేస్త్రీ కోసం నాలుగు వాడలు తిరిగాం. అందరూ పట్నం పనుల్లో ఉన్నారు. ఈలోగా బియ్యం సంగతి విని అమ్మ బస్సెక్కి వచ్చేసింది. సంచుల్ని తడిమి, ఊపిరి పీల్చుకుని, నేరుగా పెరట్లోకి నడిచింది. ఒట్టి హౌజు చుట్టూ తిరిగి, గులకరాయితో గోడలు తట్టి చెవి పెట్టింది. "గీ మూలకు బోలుంది. నేను జేస్త. సిమెంటు తెప్పియ్యిన్రి" అంది. సిమెంటు వచ్చింది. అమ్మ కొంగు నడుముకు దోపుకుంది. గోడ మీద చేయి వేయబోయి ఆగి, పెద్దమ్మ వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు ఎవరి ఇంటి ముందు నీళ్లడిగినా ముందు ఆ చూపే చూసేది. "నేను దిగొచ్చునా అమ్మా?" అంది.

పెద్దమ్మ హౌజు వంక చూసింది, అమ్మ వంక చూసింది. మా ఆయన చూపు నేల మీదికి దిగింది. "దిగకుంటె ఎట్ల అతుకుతది? పీట ఏసుకో, జారుతది. దిగు వదినా" అంది పెద్దమ్మ, తనే పీట తెచ్చి వేస్తూ.

అమ్మ దిగింది. పాత పూత చెక్కేసి, కాసేపు గీకి, ఒక్కసారి గట్టిగా నవ్వింది. "వదినా, గిటు సూడు! పక్కింటి వేపచెట్టు ఏరు దూరి పర్రె పెట్టింది. గా పగుల్ల నుంచే నీళ్లు కారుతున్నయి. మా అన్న కట్టిన పనిల ఏం తప్పు లేదు. అడుగు బండలెక్క ఉంది. గసొంటి పని మా మేస్త్రీలు గూడ జెయ్యరు." పెద్దమ్మ వంగి ఆ వేరును చేత్తో పట్టుకుని చూసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కళ్లజోడు హౌజులో పడితే అమ్మ తీసి, తన చీరకు తుడిచి ఇచ్చింది. మధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్లం పెద్దమ్మ వంటింట్లో కూర్చుని, అమ్మ మడిలో పండిన బియ్యంతో వండిన అన్నమే తిన్నాం. పెద్దమ్మ రెండోసారి పెట్టించుకుంది.

పూత ఆరి, నీళ్లు పట్టి, గోడ పూర్తిగా ఎండడానికి దీపావళి దాటింది. ఒకరోజు నేను బిందె పట్టుకుని వాకిట్లో నిలబడితే, పెద్దమ్మ మంచం మీద నుంచే "నా నడుము గుంజుతాంది బిడ్డా. ఇగ నువ్వే తోడుకో" అంది. ఆమె నడుముకు ఏమీ కాలేదని నాకు తెలుసు. అదే రోజు సాయంత్రం ఆమె ఇరవై బిందెలు మొక్కలకు పోసింది.

ఇది చెప్పడం పూర్తయ్యేసరికి మా పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. అమ్మ హౌజులోకి దిగిన ఆ నిమిషం ఎంత పొడుగో దానికి నేను చెప్పలేకపోయాను. గడియారం ప్రకారం అమ్మ పీట మీద కాలు పెట్టి లోపలికి దిగినంత సేపే; కానీ అక్కడిదాకా రావడానికి మా అవ్వలకు, వాళ్ల అవ్వలకు పట్టిన కాలం కూడా అందులోనే ఉంది.