ఎడమ పురి

స్వెట్టర్లు అల్లే సరదా ముదిరి, ఈమధ్య ఊలు వడకడమూ నేర్చుకుంటున్నాను. పోగు చేతికి తగలగానే ఐనవిల్లిలో కొబ్బరితాళ్లు పేనే అమ్మమ్మ, తడి కొబ్బరిపీచు వాసన గుర్తొచ్చాయి.

నాది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు నేను అరచేతుల మధ్య పేనిన పోగును అమ్మమ్మ పోగుతో కలిపి మెలేస్తే, నాది విడిపోయి మళ్లీ పీచైపోయేది. ఎందుకో తెలిసేది కాదు.

"చెయ్యి మార్చుకోమనమ్మా దాన్ని," అన్నాడు మావయ్య.

"దాని చెయ్యి బానే ఉందిరా," అంది అమ్మమ్మ.

మర్నాటి నుంచి మా తాడు నిలిచింది. విచిత్రంగా, అమ్మమ్మ పోగులే ఎగుడుదిగుడుగా వచ్చేవి. పాపం, పని మరిచిపోతోందనుకుని నేనే నేర్పించాను. "ఆయ్," అంటూ బుద్ధిగా వినేది.

రెండు పోగులూ ఒకే వైపు పురి తిరిగితేనే కలుస్తాయని మొన్ననే తెలిసింది. జీవితమంతా కుడివైపు తిప్పిన పురిని అమ్మమ్మ నా కోసం ఎడమవైపు తిప్పింది.