నానమ్మ పులిహోర దారి మళ్లిన ఆదివారం

మా అపార్ట్‌మెంట్ కింది హాల్లోంచి చింతపండు పులుసూ ఇంగువ పోపూ కలిసిన వాసన పైదాకా వచ్చిందంటే, ఆ రోజు పెద్దవాళ్లకు ఎవరో ఉపన్యాసం ఇస్తున్నారన్నమాట, మలివయసులో చురుగ్గా ఉండండి అని. ఆ ముక్క వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. చిక్కడపల్లిలో, నా చిన్నప్పుడు, మా తాత నోట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి.

2011 ప్రాంతంలో, నాకు పదేళ్లప్పుడు, తాత పెన్షనర్ల సంఘానికి అధ్యక్షుడు. నెలకో ఆదివారం అశోక్‌నగర్‌లో ఒక హాలు తీసుకుని, ఇస్త్రీ చొక్కాల పెద్దమనుషులు నలభై మంది ఒకరికొకరు శాలువాలు కప్పుకునేవారు. పోయిన నెల కప్పించుకున్నాయన ఈ నెల కప్పేవాడు, ఫొటోలో మొహం సగమే పడిందని అలిగేవాడు, మైకు దొరికితే వదిలేవాడు కాదు. చలికాలమైనా రోహిణి ఎండలైనా తెల్లవారుతూనే పెద్ద తాంబాళంలో అన్నం ఆరబోసి, పల్లీలు వేయించి, ఆ నలభై మందికీ పులిహోర కలిపేది మాత్రం మా నానమ్మ. ఆవిడను ఒక్కనాడూ ఆ హాల్లో కూర్చోబెట్టిన పాపాన పోలేదు.

నానమ్మ లోకం వేరే. గురువారం నా బడి వదలగానే నన్ను వెంటబెట్టుకుని నారాయణగూడ మీదుగా బర్కత్‌పురలో సరోజమ్మగారింటికి నడిచేది. అక్కడ నానమ్మతో కలిపి నలుగురు ముసలమ్మలు గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీసి, ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్కలు నములుతూ, కోడళ్లను ఆడిపోసుకుంటూ, గవ్వలు గలగలలాడిస్తూ అష్టాచెమ్మా ఆడేవారు. దొంగాట ఆడి దొరికిపోయి పగలబడి నవ్వేవారు. నానమ్మ గట్టిగా నవ్వడం నేను అక్కడే చూశాను.

ఒకసారి మెట్ల మీద జారి ఆవిడ మోకాలు వాచింది. వాపు తగ్గినా తాత గురువారాలు బందు పెట్టాడు. "ఈ వయసుల తిరుగుడేంది? ఇంట్ల కూసో" అన్నాడు. మూడు వారాలు ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని, ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది. నానమ్మ ఇక ఇలాగే ఉండిపోతుందేమోనని నాకు భయం వేసింది.

ఆ నెల సభలో తాత మాట్లాడే విషయం 'స్నేహితులే మందు'. పులిహోర గిన్నెతో మేం ఆటోలో హాలు దాకా వెళ్లేసరికి మైకులో తాత గొంతు మోగుతోంది: "ఇంట్లో ముడుచుకుని కూర్చున్న మనిషి బతికున్నా లేనట్టే!" చప్పట్లే చప్పట్లు. నానమ్మ అంతా విని, దిగబోయిన కాలు మళ్లీ లోపల పెట్టుకుంది.

"ఆటో తిప్పు బిడ్డా. బర్కత్‌పుర పోదాం."

"ఎన్నాళ్లకొచ్చావే!" అని సరోజమ్మగారు గుమ్మంలోనే చేయి పట్టుకుని లాక్కుపోయారు. మిగతా ఇద్దరికీ కబురు వెళ్లింది. ఆ సాయంత్రం దాకా ఆట నడిచింది, వీధి వీధంతా మా పులిహోర తిన్నది. హాల్లో పెద్దమనుషులు విస్తరాకులు ముందేసుకుని గంటసేపు చూసి, గొణుక్కుంటూ పోయారట. మరుసటి నెల నానమ్మ పొయ్యి వెలిగించలేదు, సభకు వచ్చింది తొమ్మిది మంది. తాత ఉపన్యాసాల మహిమ అంతే. నానమ్మ గురువారాలు మళ్లీ మొదలయ్యాయి, ఆయన అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు ఆ సంఘం లేదు, తాతా నానమ్మా లేరు, ఆ గచ్చు ఇల్లున్న చోట ఫ్లాట్లు లేచాయి. నలుగురిలో సరోజమ్మగారు ఒక్కరే మిగిలి, ఆ ఫ్లాట్లలోనే ఒకదాంట్లో ఉంటున్నారు. అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఖాళీ ఉంటే రా అమ్మా, ఇద్దరమైనా ఆడుకోవచ్చు" అంటారు.

"వచ్చే వారం తప్పకుండా వస్తా అమ్మమ్మా" అంటాను. తాతను ఇంతగా వెక్కిరించే నేను, రెండేళ్లుగా అదే చెబుతున్నాను.