బటన్ వదిలితేనే వినబడుతుంది

డెబ్బైల చివర్లో నేను అడవి మొక్కల సర్వే చేసే ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని. చేరి చాన్నాళ్లయినా నేను చూసినవన్నీ అట్టలకు అంటించిన ఎండు ఆకులే. ఆ ఏడాది నల్లమలకు వెళ్లే బృందంలో మొదటిసారి నా పేరు వచ్చింది. అంతకుముందు ఏడాది అక్కడ ఇద్దరు దారి తప్పితే, మిగతావాళ్లు గొంతులు పోయేదాకా అరుస్తూ వెతికారట. అందుకని మా అధికారి ఈసారి వైర్‌లెస్ సెట్లకు అనుమతి తెచ్చాడు. మంచివి చూసి ఎంచే పని నాకూ, ఆఫీసులో నాకన్నా చాలా ముందు చేరిన ఒకాయనకూ అప్పగించాడు. ఆయన్ని నేను భాయ్ అనేదాన్ని.

పరీక్షించి చూడమని దుకాణంవాళ్లు రెండు రకాలు ఇచ్చారు. ఒకటి చేతిలో పట్టే వాకీటాకీల జత, చూడముచ్చటగా ఉంది. రెండోది వీపున మోసే పెట్టెల జత. పొడవాటి ఏరియల్, టెలిఫోన్‌కు ఉన్నట్టు రిసీవర్, మోయలేనంత బరువు. అందరి మనసూ చిన్నవాటి మీదే.

మా ఇల్లు దబీర్‌పురా స్టేషన్ దగ్గర. బాపు రైల్వేలో ఫిట్టర్. నేను అడవికి పోవడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. ఆ ఊసెత్తితే చాలు, "ఇగ ఆపు" అనేవాడు. ఒక్కనాడూ నా మాట పూర్తి కానివ్వలేదు.

ఆదివారం రెండు జతల్లోంచీ ఒక్కోటి ఇచ్చి భాయ్‌ని మా డాబా మీద కూర్చోబెట్టి, దూరం నుంచి ఏది వినబడుతుందో చూద్దామని మిగతావి తీసుకుని నేను చాంద్రాయణగుట్టకు బయల్దేరబోయాను.

"పెట్టె నాకియ్యి చెల్లె, నేను పోత."

"అడవిల గూడ నువ్వే మోస్తవా భాయ్?"

ఆయన నవ్వి పట్టీలు నా భుజాలకు తగిలించాడు. గుట్ట దగ్గర బస్సు దిగి పైకెక్కేసరికి పట్టీలు భుజాలు కోసేస్తున్నాయి. ముందు వాకీటాకీ పెట్టి చూశాను. గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత పెద్దది తెరిచాను. భాయ్ గొంతు పక్క గదిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"మస్తు వినవడ్తుంది చెల్లె! మీ బాపు మాట్లాడ్తడంట."

వెంటనే బాపు అందుకున్నాడు. "అడవిల కాలు విరిగితే ఎవలొస్తరు? పామో పురుగో కరిస్తే ఎవలకు చెప్తవ్? ఆడపిల్లవు, నీకెందుకీ లొల్లి?" ఆగడే! ఆయన బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు నేనేం చెప్పినా అటు వినబడే వీలు లేదు. చివరికి వెనకనుంచి భాయ్, "చాచా, బటన్ ఇడువుండ్రి. ఇడిస్తేనే బిడ్డ మాట వినొస్తది" అనడం వినిపించింది.

టక్‌మని చప్పుడు. బాపు బటన్ వదిలాడు.

నేను మాట్లాడినంతసేపు బాపు అడ్డు రాలేడని అప్పుడు తట్టింది. నా బటన్ నొక్కాను.

"బాపు, కాలు విరిగితే చెప్పనీకే ఈ డబ్బా. ఇన్నేండ్లు ఎండిన ఆకులే చూసిన. కొమ్మకున్నప్పుడు వాటి వాసన ఎట్లుంటదో నాకు తెల్వదు. భయం నాక్కూడ ఉన్నది. అయినా పోవాల్నని ఉన్నది. ఓవర్."

బటన్ వదిలాను. బ్యాటరీ అయిపోయిందేమోనని పెట్టెను తట్టి చూశాను కూడా. కింద రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది.

"బరువున్నదా గా డబ్బా?" అన్నాడు బాపు.

"ఉన్నది."

"పట్టీల కింద తువ్వాల మడిచి పెట్టుకో. భుజాలు ఒరుసుకపోతయ్."

ఆ తువ్వాల మాటే ఆయన ఒప్పుకోలు. గుట్ట మీద కూర్చుని కాసేపు ఏడ్చాను, నవ్వాను.

పెద్దవే కావాలని రాసిచ్చాం. ఆఫీసులో కొందరు గొణిగారు. నల్లమలలో ఒకరోజు, వాగు ఎగువనున్న క్యాంపులో భాయ్‌ని రెండో పెట్టెతో ఉంచి, మేం వాగు దాటి ఆకులు ఏరుతుండగా పైన ఎక్కడో వాన పడి వాగు పొంగింది. మా బృందంలోని ఒక పెద్దాయన "ఇప్పుడే దిగుదాం, నడుము లోతే" అన్నాడు. నేను రిసీవర్ ఎత్తాను. క్యాంపులోంచి భాయ్, "దిగకుండ్రి! ఇక్కడ ఇంకా పెరుగుతున్నది. అక్కడనే ఉండుండ్రి, పై దారి చూసుకొని మేమొస్తం" అన్నాడు.

ఉన్నాం. వాన మా మీదికీ వచ్చింది. చెట్టు కింద తడుస్తూ కూర్చున్న చోటే, నా మోకాలి పక్కన, అట్ట మీద ఎన్నోసార్లు చూసిన మొక్క ఒకటి కనబడింది. ఆకు నలిపి వాసన చూశాను. పచ్చి మామిడికాయ వాసన. ఏ అట్ట మీదా ఆ సంగతి లేదు.