కరీబియన్‌కు రిహార్సల్, ఉత్తర సముద్రంలో

కరోనా వచ్చిన మరుసటి ఏడాది సంగతి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా రెండు గదుల ఇంట్లో నేనొక గది, మా ఆవిడ సుజాత ఒక గది పంచుకుని ఆఫీసు పని చేసేవాళ్లం. ఒకరి మీటింగులు ఒకరికి కంఠతా వచ్చేశాయి. నాకైతే పిచ్చెక్కేలా ఉంది. ఈ పనేదో మూడు నెలలు కరీబియన్ ద్వీపంలో కూర్చుని చేద్దామన్నాను.

సుజాతది బ్యాంకులో రిస్కు విభాగం. ఏ లెక్కనైనా పరీక్ష పెట్టనిదే ఒప్పుకోదు. "కిరాయి, టికెట్లు పక్కన పెడితే ఇద్దరం రోజుకు నలభై యూరోలల్ల బతుకుతమన్నవ్ గద? ఇక్కడి ద్వీపంల రెండు దినాలు బతికి చూపియ్. ఎనభై దాటిందా, కరీబియన్ క్యాన్సిల్," అంది.

అక్టోబరులో ఒక శనివారం తెల్లవారకముందే లోకల్ రైలెక్కాం. చౌక టికెట్ గనక దారి పొడుగునా రైళ్లు మారుతూనే ఉండాలి. రిహార్సల్ అంటే రిహార్సలే అని నేను నిక్కరు వేసుకుని గడ్డి టోపీ పెట్టుకున్నాను. ముఖానికి మాస్కు, ఒళ్లో కుక్కరు, అందులో బియ్యం, పప్పు, ఆవకాయ సీసా. ఎదుటి సీటు పెద్దావిడ నా మోకాళ్లు చూసి, "చలి లేదా?" అని జర్మన్‌లో అడిగింది.

"కరీబియన్‌కు తయారవుతున్నామండీ," అన్నాను. ఆవిడ లేచి వేరే పెట్టెలోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి ఉత్తర సముద్రంలోని ఒక చిన్న ద్వీపంలో ఓడ దిగాం. కౌంటరులో ఉన్నాయన టీకా సర్టిఫికెట్లు చూసి, తలా ఇంత పన్ను కట్టమన్నాడు. ద్వీపం మీద ఉన్నన్ని రోజులూ కట్టాలట. గాలి పీల్చినందుకు కూడా పైసలా!

"ఇది మా బడ్జెట్‌లో లేదండీ," అన్నాను.

"మరి సముద్రం ఉందా మీ బడ్జెట్‌లో?" అన్నాడాయన.

ఆదివారం మధ్యాహ్నం అద్దె గదిలో పప్పన్నం తిన్నాక సుజాత లెక్క చూసి, "ఎనభైకి మూడు యూరోలు ఎక్కువైనయ్. అయిపాయె," అంది. మళ్లీ ఆ గదులేనా! అప్పుడు తట్టింది. జర్మనీలో ఖాళీ ప్లాస్టిక్ సీసా కొట్లో వాపసిస్తే పావు యూరో వస్తుంది కదా. సంచీ పట్టుకుని ఒడ్డంతా ఏరాను.

"మాస్కుంది గాబట్టి సరిపోయింది. లేకుంటే నా ఇజ్జత్ పోతుండె," అని సుజాత దూరంగా నడిచింది. కుక్కతో వచ్చిన ఒక ముసలాయన వణుకుతున్న నన్ను చూసి, తన నీళ్లు గటగటా తాగేసి సీసా నా చేతిలో పెట్టాడు. "మంచి రోజులు వస్తాయి," అన్నాడు. అదే పన్నెండోది, పావు చొప్పున సరిగ్గా మూడు యూరోలు. గెలిచాననుకున్నాను.

పరుగున సూపర్‌మార్కెట్‌కు వెళితే మూసి ఉంది. ఆదివారం! ఐదేళ్లుగా జర్మనీలో ఉంటున్నాను, ఆదివారం కొట్లు తెరవరని పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. సీసాలు తీసుకునే మెషీను లోపలెక్కడో ఉంది.

తిరుగు రైల్లో సీసాల సంచీ పక్కన దిగాలుగా కూర్చున్నాను. మీలో ఎవరైనా వెళ్తే ప్యాంటు వేసుకోండి, సీసాలు శనివారమే ఏరుకోండి. సముద్రం మాత్రం బాగుంది, పన్ను దండగ కాదు.

సుజాత చాలాసేపు ఫోనులో లెక్క చూసుకుంది. తర్వాత తన శాలువా తీసి నా మోకాళ్ల మీద కప్పింది.

"మా బ్యాంకుల ఇంకా చేతికి రాని పైసలను గూడ ఆస్తి కిందనే రాస్తం," అంది. "నీ సీసాల పైసలు గూడ రాసిన. జర కరీబియన్ల ఖాళీ సీసాలు వాపస్ తీస్కుంటరో లేదో కనుక్కో."