మసి అంటని తువ్వాలు

మా ఆదినారాయణ మామ కంటితో చూస్తే తప్ప దేన్నీ నమ్మడు. చీనీకాయ, అదే బత్తాయి, తియ్యగా ఉందంటే కోసి చూపించమంటాడు. వాన వస్తుందంటే మబ్బు ఏదంటాడు. ఆ మొండితనానికి పులివెందుల చుట్టుపక్కల తోటల వాళ్లమంతా నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు.

ఈ ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. చెట్లు వాడిపోతుంటే మామ నీటికుంట గట్టున పాత డీజిల్ ఇంజను దించాడు. కుంట పక్కనే వాళ్ల రేకుల ఇల్లు. నల్లటి పొగంతా ఇంట్లోకే కొట్టేది. తిరుపాలమ్మత్తకు అసలే ఆయాసం. ఇంజను మొదలైతే చాలు, మంచం పట్టె పట్టుకుని దగ్గుతూ కూర్చునేది. ఆపమని మేమంటే మామ కాదు, ఆమే ఒప్పుకునేది కాదు. "పిందె నిలిచింది, ఇప్పుడు నీళ్లు ఆపితే రాలిపోతాది" అనేది.

కానుగ నూనెతో చేసిన బయోడీజిల్ పోస్తే పొగ తగ్గుతుందని ఎవరో చెబితే, మామ జమ్మలమడుగు పోయి డబ్బాలతో తెచ్చాడు. ప్రొద్దుటూరు నుంచి మెకానిక్ నూర్ అహ్మద్ వచ్చి నాజిల్ శుభ్రం చేసి, ఇల్లు దాటేలా పొడవైన పొగగొట్టం బిగించిపోయాడు. మామ పరీక్ష మామదే. భుజం మీది తెల్ల తువ్వాలు గొట్టం మూతికి అడ్డం పట్టాడు. తువ్వాలు తెల్లగానే ఉంది. దాన్ని పట్టుకుని తోట తోటకూ తిరిగి చూపించాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

ఆ సంతోషంలోనే కొంప ముంచుకున్నాడు. పొడవు గొట్టంతో ఇంజను సరిగ్గా లాగడం లేదు, చివరి సాళ్లకు నీళ్లు అందడం లేదు. పొగే లేనప్పుడు గొట్టమెందుకని పీకి పారేశాడు. ఆ రోజు కూడా గాలి ఇంటివైపే కొడుతోంది. నీళ్లు చివరి చెట్టుదాకా పారాయి. మామ పార పట్టుకుని నీళ్ల మడవ తిప్పుకుంటూ ఉండగా, ఇంట్లో అత్తకు ఊపిరి ఆడలేదు. నేను పోయేసరికి పెదాలు నీలంగా మారాయి.

పులివెందుల ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. సంగతి తెలిసి వచ్చిన నూర్ అహ్మద్ తల పట్టుకున్నాడు.

"గొట్టం ఎందుకు పీకినావు మామా? ఈ నూనెకు మసి తగ్గుతాది. కంటికి కనపడని గ్యాసు ఒకటి ఉండాది, అది తగ్గదు, ఒక్కోసారి ఎక్కువ కూడా అయితాది. ఆయాసం ఉన్నోళ్లకు అది శానా చెడ్డది. ఇంజనులో నూనె చిమ్మే టైమింగు కొంచెం వెనక్కి పెడితే తగ్గుతాదంటే, లాగుడు పడిపోతాదని నువ్వే వద్దంటివి గదా!"

మంచం మీద అత్త మాస్కు పక్కకు జరిపింది.

"ఏమయ్యా, నీళ్లు పెట్టినావా? పిందె రాలిపోతాది."

నాకు కోపం, ఏడుపు ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"మాట్లాడొద్దుమ్మే, ఊపిరి తీసుకో" అంటూ మామ మాస్కు సర్ది, చెమటతో తడిసిన ఆమె ముఖాన్ని తువ్వాలుతో తుడిచాడు. అత్త ఊపిరి ఎగబీలుస్తోంది. మామ ఆ తువ్వాలును కిటికీ వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా చుక్క మసి లేదు.

"ఇంత మసన్నా అంటింటే ఆ గొట్టం పీకేవాన్నా రా నేను?" అని నావైపు తిరిగి, ఆ తువ్వాలులోనే ముఖం దాచుకున్నాడు.