దుంగ పెట్టినోడే ముందు నిలబడాలె

మా మామ పోయిన సంగతి ఇంట్లో అందరికన్నా ఆలస్యంగా తెలిసింది నాకే. ఫోను మోగుతూనే ఉంది, కానీ బండి నిండా బడిపిల్లలు. పిల్లలు కూర్చుని ఉండగా ఫోను ఎత్తకూడదన్నది మామ పెట్టిన నియమం. చివరి పాపను వాళ్ల గేటు ముందు దింపి, ఇంజన్ ఆపి, అప్పుడు ఎత్తాను. "నాయిన పోయిండే" అన్నాడు మా ఆయన, దవాఖాన నుంచి. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను. ఏడుస్తూనే, నీ మాట తప్పలేదు మామా అనుకున్నాను.

గోదావరిఖని గనుల్లో మామ బతుకంతా టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని అది. దుంగ పెట్టేముందు పొడుగు కర్రతో కప్పును తట్టి చెవి ఒగ్గాలట. గట్టి కప్పు ఖంగుమంటుంది. వదులైనది డొల్లగా పలుకుతుంది. ఆ తేడా వినగలిగినవాడు సాయంత్రం ఇంటికొస్తాడు.

రిటైరయ్యాక కూడా ఆ తట్టుడు పోలేదు. పుచ్చకాయను తట్టేవాడు, నీళ్ల కుండను తట్టేవాడు, ఎవరైనా కొత్తగా గోడ కట్టుకుంటే పిలవకుండానే వెళ్లి దాన్నీ తట్టి వచ్చేవాడు. మా పెళ్లిలోనైతే నన్ను పీటల మీద కూర్చోబెట్టేముందు పందిరి గుంజలన్నీ ఒక్కొక్కటిగా తట్టుకుంటూ తిరిగాడు. "ఏందే, మీ మామకు తల సక్కగుందా?" అని మా అమ్మ నా చెవిలో గొణిగింది. ఆ రోజు నాకూ అదే అనుమానం.

కాలనీ పిల్లలను ఆటోల్లో కుక్కి తీసుకుపోతుంటే చూడలేక నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. మా ఆయన ఒక పాత వ్యాను కొన్నాడు. ఒక వానాకాలం, బ్రేకు తొక్కితే చాలు, ముందు చక్రాలు వణకడం మొదలైంది. బ్రేకు డిస్కులు అరిగిపోయాయి, మార్చాలి. మా మెకానిక్కు ఊళ్లో లేడు, పిల్లలకేమో పరీక్షలు. మా ఆయన డ్యూటీకి పోయాడు. సరే, నేనే విప్పుతానని కూర్చున్నాను.

మా ఇంట్లో కోడలు మామ ఎదుట మంచం మీద కూడా కూర్చోదు. అలాంటిది కొంగు నడుముకు బిగించి, వాకిట్లో చక్రం ముందు గొంతుకూర్చున్నాను. మామ మర్యాదకు మొహం అటు తిప్పుకుని బీడీ కాలుస్తున్నాడు. చక్రం ఊడింది. డిస్కును పట్టుకుని ఉండే క్యాలిపర్‌ను విప్పి, దాని గొట్టం లాగకుండా తీగతో పైకి కట్టాను. ఇక డిస్కు చేతికి రావాలి. రాలేదు. తుప్పు పట్టి ఇరుసుకు అతుక్కుపోయింది. సుత్తెతో బాదాను. ప్రతి దెబ్బకూ ఒక తిట్టు. నా నోరు మంచిది కాదు, కాలనీకంతా తెలుసు.

"దాన్నెందుకు తిడుతున్నవ్ బిడ్డా? అదేం జేసింది?"

"ఊడుతలేదు మామా! అతుకబడ్డది."

మామ బీడీ ఆర్పి లేచాడు. "నాకు కార్లు తెల్వయి. జంగు తెలుసు. జర జరుగు."

ముందు డిస్కును చూడలేదు, జాకీని చూశాడు. లోపలికి పోయి మందపాటి దుంగ ముక్క తెచ్చి బండి కింద పెట్టించాడు. "మీద బరువున్నప్పుడు కింద దుంగ ఉండాలె. జాకీని నమ్మి చెయ్యి పెడతవా?" అన్నాడు. తర్వాత చిన్న సుత్తె తీసుకుని డిస్కును చుట్టూ మెల్లగా తట్టాడు. దబ్, దబ్. "ఇన్నవా? నడుమ పట్టుకున్నది. కోపంతోని కొడితె ఇనుము ఇంకింత మొండికేస్తది. పరేషాన్ గాకు, గాసునూనె పొయ్యి. అది తాగేలోపట మనం చాయ్ తాగుదాం."

మేం చాయ్ తాగాం. డిస్కు కిరసనాయిలు తాగింది. మామ మేకు మొనతో డిస్కు మొహం మీది జంగు గీకుతూ ఉంటే, ఎదురెదురుగా రెండు చిన్న బొక్కలు బయటపడ్డాయి. లోపల మరలున్నాయి. "తయారు జేసినోడే తొవ్వ ఇడిసిపెట్టిండు. మనం సూడలే, గంతే" అన్నాడు. ఆ మరలకు సరిపోయే రెండు బోల్టులు నా చేత బిగింపించాడు; అవి లోపలికి దిగేకొద్దీ ఇరుసును తన్ని డిస్కును బయటికి తోస్తాయి. ఇటు కొంచెం, అటు కొంచెం. ఒక పక్కనే బిగిస్తే డిస్కు వంకరగా పట్టేస్తుందట. మధ్యమధ్య తట్టి వినేవాడు. దబ్. దబ్. మళ్లీ కొంచెం బిగించాను, మళ్లీ తట్టాడు. ఖంగ్! గుడి గంటలాగా మోగింది. డిస్కు నా చేతుల్లోకి వచ్చింది. నేను అరిచిన అరుపుకు వీధి మొత్తం బయటికొచ్చింది.

"ఊడదీసుడు సగం పనే" అని ఇరుసు మొహం మీది జంగంతా తీగ బ్రష్షుతో రుద్దించాడు. పైన పలచగా గ్రీజు రాయించి, అప్పుడే కొత్త డిస్కు ఎక్కనిచ్చాడు. రెండో చక్రానికి అసలు చెయ్యి పెట్టలేదు. నేను విప్పుతుంటే పీట మీద కూర్చుని విన్నాడు, అంతే.

పని అయ్యేసరికి ఎదురు క్వార్టర్ వదిన గేటు దగ్గర నిలబడి ఉంది. "నువ్వెన్నన్న జెప్పు, ఇంట్ల ఇప్పిన బ్రేకు మీద నా కొడుకును ఎక్కియ్య" అంది. నేను నోరు తెరిచాను. మామ చెయ్యెత్తి నన్ను ఆపి, వ్యాను ముందు తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు.

"గనిల దుంగ పెట్టినోడే ముందుగాల దాని కింద నిలబడాలె. ఎనుకనే మిగిలినోళ్లు. నడువు బిడ్డా."

పెడల్ గట్టిపడేదాకా తొక్కి, బండిని గని తవ్వి పోసిన మట్టిగుట్టల పక్క దిగుడులోకి వదిలాను. మలుపులో బ్రేకు వేశాను. మామ ముందున్న పిడి పట్టుకోలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీదే పెట్టుకుని రోడ్డు చూస్తున్నాడు. "మంచిగ ఆగింది" అన్నాడు. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నాకు ఏ ఆఫీసూ ఇవ్వలేదు. మర్నాడు వదిన కొడుకు బండి ఎక్కాడు.

ఆ తర్వాత నేను బ్రేకులు విప్పిన ప్రతిసారీ మామ ముందు సీట్లో కూర్చుని దిగుడు దాకా వచ్చాడు. ఆయాసం ఎక్కువై నాలుగడుగులు నడవలేని రోజుల్లో కూడా, గోడ పట్టుకుని వచ్చి ఎక్కేవాడు. "నా కోడలు జేసిన బ్రేకు" అని దవాఖానలో పక్క మంచమాయనకు కూడా చెప్పాడట. నర్సు నవ్వుతూ చెప్పింది నాకు.

దినాలు అయ్యేదాకా బండి వానలో నిలబడిపోయింది. తీసి చూస్తే మళ్లీ అదే వణుకు. మామ ఉండగానే తెప్పించిన కొత్త డిస్కులు మంచం కింద ఉన్నాయి. కానీ వాడలో మాట పుట్టింది. "కాక ఉన్నన్ని రోజులు సరే. ఇప్పుడు బ్రేకు ఎవలు సూస్తరు?" అని వదినే అందట, మామ గురించి. తప్పేముంది, కన్నపిల్లలు కదా. పిల్లలు ఎక్కకపోతే నాది బండి కాదు, వాకిట్లో పడున్న ఇనుము. మామ నేర్పిన పనికి కూడా ఆ రోజుతోనే కర్మ చేసినట్టు.

ఆదివారం పొద్దున దుంగ ముక్క పెట్టి చక్రం విప్పాను. తట్టాను. దబ్. కిరసనాయిలు పోసి చాయ్ పెట్టుకున్నాను. పొరపాటున రెండు గ్లాసుల్లో పోశాను. రెండూ నేనే తాగాను. బోల్టులు ఎక్కించాను. ఇటు కొంచెం, అటు కొంచెం, మధ్యలో చెవి ఒగ్గడం. ఈసారి తిట్టలేదు. వీధిలో ఎవరూ మాట్లాడటం లేదని నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పుడు మోగింది. ఖంగ్!

రెండు చక్రాలూ అయ్యాక చేతులు తుడుచుకుని స్టీరింగు ముందు కూర్చున్నాను. పెడల్ గట్టిపడేదాకా తొక్కాను. పక్క సీటు వైపు చూడకూడదనుకున్నాను. తలుపు తీసిన చప్పుడైంది. ఎదురు క్వార్టర్ వదిన ఎక్కి, చీర సర్దుకుని కూర్చుంది.

"వదినా, ఇంకా ఎవరూ ఎక్కలే. నేనొక్కదాన్నే ముందుగాల..."

"మోగింది. నేనిన్న. నడువు."

దిగుడులో మట్టిగుట్ట మలుపు దగ్గర బ్రేకు తొక్కాను. బండి వణకకుండా నిలబడింది. వదిన చేతులు రెండూ మోకాళ్ల మీదే ఉన్నాయి.